సాక్సనీ ప్రభువగు ఫ్రెడరిక్కు

సాక్సనీ ప్రభువగు ఫ్రెడరిక్కు 1463వ సంవత్సరమున జర్మనీదేశమందలి టోర్గౌ పట్టణమున జన్మించెను. 1485లో ఇతని తండ్రియు పినతండ్రియు రాజ్యమును పంచుకొనిరి గాని కొండలలోని వెండిగనులను ఉమ్మడిగానే యుంచుకొనిరి. మరుసటి యేట తండ్రి చనిపోగా ఇతడు ప్రభువయ్యెను.

1500వ సంవత్సరమున ఆ వెండితో పెద్ద నాణెములు ముద్రింపబడినవి. ఒక్కొక్కటి మన పాత వెండిరూపాయలు రెండున్నర తూగును. విలువకు ఒక బంగారు గుల్డెను. ఒకవైపున ఫ్రెడరిక్కు ముఖము. రెండవవైపున తమ్ముడు యోహానును పినతండ్రి ఆల్బర్టును ఎదురెదురుగా నుందురు. వారు ధరించిన టోపీనిబట్టియే ప్రజలు ఆ నాణెమునకు పేరు పెట్టిరి!

1502లో ఇతడు విట్టెంబర్గున విశ్వవిద్యాలయమును స్థాపించెను. లూథరు అచ్చటనే బోధకుడయ్యెను. 1517లో టెట్జెలు పాపపరిహార పత్రములు అమ్ముచు రాగా, ఫ్రెడరిక్కు అతనిని తన రాజ్యమున అడుగిడనీయలేదు. ప్రజలు సరిహద్దు దాటి పోయి వెండి చెల్లించి పత్రములు కొనితెచ్చుకొనిరి. ఈ నిషేధము కేవలము భక్తివలన గాదు. తన రాజ్యపు ధనము పరులపాలగుట ఇతనికి గిట్టదు. పైగా విట్టెంబర్గు దేవాలయమున ఇతడు కూర్చిన పరిశుద్ధుల అవశేషములు 1520 నాటికి 19,000కు మించినవి. వాటిని దర్శించి కానుకలిచ్చువారికిని పాపపరిహారము వాగ్దానము చేయబడుచుండెను. ఈ సంగతి దాచుట న్యాయము గాదు.

అయినను 1521లో చక్రవర్తి లూథరును బహిష్కరించినప్పుడు, అతనిని రహస్యముగా వార్ట్‌బర్గు కోటకు చేర్పించి కాపాడినవాడు ఇతడే. వీరిరువురి వ్యవహారములు చాలవరకు కార్యదర్శియగు స్పలాటిను ద్వారానే నడచెను. 1525 మే 5వ తేదీన లోఖౌ కోటలో ఫ్రెడరిక్కు మరణించెను. విట్టెంబర్గు కోట దేవాలయముననే అతనిని సమాధి చేసిరి.