నూరేళ్ళ సాధన

మైసూరు రాజ్యంలోని ముచుకుందెలో 1888లో పుట్టిన తిరుమలై కృష్ణమాచార్యులు దర్శనాలన్నీ చదివిన పండితుడు. అయినా పొట్టకూటికి హాసన్ ప్రాంతపు కాఫీతోటలో మేస్త్రీగా పనిచేశారు. రైతుబిడ్డనైన నాకు ఈ సంగతే బాగా నచ్చింది.

1930లలో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు జగన్మోహన ప్యాలెస్‌లో ఆయనకు యోగశాల పెట్టించారు. అయ్యంగార్, పట్టాభి జోయిస్, విదేశీ వనిత ఇంద్రాదేవి ఆయన శిష్యులే. రాజులు పోయారు, 1950లో యోగశాలా మూతబడింది. అరవై దాటాక మద్రాసు చేరి మళ్ళీ మొదలెట్టారు. రోగి వస్తే నాడి చూసి, ఆ ఒంటికి తగ్గ సాధనే చెప్పేవారు. 96వ ఏట తుంటి విరిగితే మంచం మీదే సాధన సాగించారు. 1989లో నూరు నిండాకే కన్నుమూశారు.

రాజు ఉన్నా లేకున్నా ఆయన సాధన ఆగలేదు. వాన పడ్డా పడకున్నా మా నాన్న తెల్లారి పొలానికి పోవడం మానడు. ఇష్టమైన పని అంటే ఇదేనేమో, మిత్రులారా!