చెట్ల నీడన నిలిచిన గానము
(బిల్ మన్రో జీవితకథ)

గాలిలో పుట్టిన పాట గాలిలోనే కలిసిపోవుట లోకసహజము. వ్రాసిన కావ్యము తాళపత్రముపై నిలుచును. చెక్కిన శిల్పము రాతిపై నిలుచును. పాడిన గొంతు మాత్రము పాడినవానితోనే పోవును. ధ్వనిని పట్టి ఉంచు యంత్రములు వచ్చిన పిదప ఈ నియమము కొంత సడలెను. అమెరికా దేశమున పల్లెపట్టుల తోపులలో, ఆరుబయట జరిగిన కచేరీలను కొందరు యువకులు శ్రమపడి టేపులపై నిలిపిరి. ఆ కచేరీలలో అగ్రగణ్యుడు, బ్లూగ్రాస్ అను సంగీతశాఖకు మూలపురుషుడు విలియం స్మిత్ మన్రో. లోకము అతనిని బిల్ మన్రో అని ఎరుగును.

1911 సెప్టెంబరు 13వ తేదీన కెంటకీ రాష్ట్రములోని రోజీన్ అను చిన్న గ్రామము చెంత మన్రో జన్మించెను. ఎనిమిదిమంది సంతానములో అతడు కడగొట్టువాడు. చిన్ననాట ఒక కన్ను మెల్ల; చూపు మందము. క్రొత్తవారు ఇంటికి వచ్చినచో సిగ్గుపడి కొట్టములో దాగెడివాడట. తల్లి ఫిడేలు వాయించి పాతపాటలు పాడెడిది. అన్నలు ఫిడేలును, గిటారును ముందే కైవసము చేసికొనుటచే పిల్లవానికి ఎవరును కోరని మాండలిన్ మిగిలెను. అదియు పెద్దగా మ్రోగరాదని ఎనిమిది తీగెలకు బదులు నాలుగు తీగెలే ఉంచిరని చెప్పుదురు. పాలకొల్లున పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలో కర్ణాటక సంగీతమును పలికిన వాద్యము కావున మాండలిన్ మనకు క్రొత్తది కాదు.

తల్లి 1921లోను, తండ్రి 1928లోను కన్నుమూసిరి. తోబుట్టువులు పనులకై దూరప్రాంతములకు వెళ్లిరి. ఒంటరియైన బాలునకు మేనమామ పెండిల్టన్ వాండివర్ తన గుడిసెలో చోటిచ్చెను. మేనమామ ఆ చుట్టుపట్ల నాట్యగోష్ఠులలో ఫిడేలు వాయించెడివాడు. మేనల్లుడు వెంట వెళ్లి శ్రుతి పట్టెడివాడు. ఆ ప్రాంతముననే ఆర్నాల్డ్ షుల్ట్జ్ అను నీగ్రోజాతి శ్రామికుడు ఉండెను. గిటారు వాయించుటలో అతడు దిట్ట. ఇతని వలన మన్రో బ్లూస్ బాణీని గ్రహించెను. తెల్లవారికిని నల్లవారికిని నడుమ ఎత్తైన గోడలున్న ఆ దినములలో ఒక తెల్ల బాలుడు నల్ల గురువు వెంట నాట్యములకు వాయించుట గమనింపదగినది. మేనమామ ఫిడేలు, షుల్ట్జ్ గిటారు, చర్చి కీర్తనలు, ఈ మూడును మన్రో సంగీతమునకు పునాదిరాళ్లు.

యౌవనమున అతడు అన్నలను అనుసరించి షికాగో ప్రాంతమునకు పోయి చమురు శుద్ధి కర్మాగారములో పీపాలు మోసెను. రాత్రులయందు సంగీతసాధన. 1934లో కూలిపని మాని, అన్న చార్లీతో కలిసి రేడియో గాయకుడయ్యెను. 1936 మొదలుకొని ఆ సోదరులు విక్టర్ కంపెనీకి 60 పాటలు పాడిరి. అన్నదమ్ములిరువురును పంతము గలవారు, 1938లో విడిపోయిరి. మరుసటి సంవత్సరమే మన్రో స్వంత బృందమును కూర్చుకొని, నాష్‌విల్ నగరమున గ్రాండ్ ఓల్ ఆప్రీ అను ప్రసిద్ధ రేడియో వేదికపై అడుగిడెను. జన్మభూమిని తలచుచు బృందమునకు బ్లూ గ్రాస్ బాయ్స్ అని పేరు పెట్టెను. కెంటకీకి నీలిగడ్డి సీమ యని వ్యవహారము కలదు. ఒక బృందము పేరే కాలక్రమమున ఒక సంగీతశాఖకు పేరయ్యెను.

అప్పటి సంచారజీవనము చెప్పదగినది. శనివారము రాత్రి నాష్‌విల్‌లో పాడవలెను. తక్కిన దినములు ఊరూర తిరుగవలెను. మన్రో స్వంత డేరా వేయించి పల్లెలలో ప్రదర్శనము లిచ్చెను. బృందసభ్యులు పగలు ఊరివారితో బేస్‌బాల్ ఆడి, సాయంకాలము చేతులు కడుగుకొని వాద్యములు పట్టెడివారు. ఆటకు వచ్చిన జనము పాటకు నిలిచెడిది.

1945లో లెస్టర్ ఫ్లాట్ అను గాయకుడును, ఆ యేటి చివర ఎర్ల్ స్క్రగ్స్ అను బాంజో వాదకుడును చేరుటతో ఈ సంగీతము పూర్ణరూపము దాల్చెను. స్క్రగ్స్ మూడువ్రేళ్ల మీటు వడగండ్లవానవలె కురిసెడిది. మన్రో మాండలిన్ దానికి తాళము తప్పని కళ్లెము వేసెడిది. వీనిపై అతని హెచ్చుస్థాయి గొంతు. కాని 1948లో ఫ్లాట్, స్క్రగ్స్ ఇరువురును వెడలి వేరు బృందము స్థాపించి, గురువును మించిన కీర్తి గడించిరి. స్టాన్లీ సోదరులు అతని బాణీని అనుకరించిరి. వారిని కొలంబియా కంపెనీ చేర్చుకొనినందున మన్రో కినిసి, ఆ కంపెనీని వీడి డెక్కాకు మారెను. తాను కనిపెట్టినది పరులు దోచుకొనిరను బాధ అతనిని చిరకాలము వేధించెను. ఫ్లాట్, స్క్రగ్స్‌లతో ఇరువది యేండ్లకు పైగా మాటాడలేదు. అయినను స్టాన్లీ సోదరులలో పెద్దవాడగు కార్టర్‌ను 1951లో తన బృందమునకే పిలిచికొనెను. కోపమెంతయో, గుణగ్రహణమును అంతయే.

1953లో మోటారు ప్రమాదమున మన్రో ఎముకలు విరిగి నెలలకొలది మంచము పట్టెను. మరుసటి యేడు ఎల్విస్ ప్రెస్లీ అను యువకుడు, మన్రో 1946లో రికార్డు చేసిన కెంటకీ చందమామ పాటనే క్రొత్త వేగముతో పాడి పేరొందెను. రాక్ అండ్ రోల్ వెల్లువలో పాత సంగీతమునకు శ్రోతలు తగ్గిరి. మన్రోకు అవి చీకటి దినములు.

ఆ చీకటిలో దీపము పట్టినవి పల్లెతోపులు. మేరీలాండ్ రాష్ట్రమున రైజింగ్ సన్ చెంత న్యూ రివర్ రాంచ్, పెన్సిల్వేనియాలో వెస్ట్ గ్రోవ్ చెంత సన్‌సెట్ పార్క్ అను సంగీతవనములు ఉండెడివి. వేసవి ఆదివారములయందు కుటుంబములు భోజనపు బుట్టలతో వచ్చి, చెట్ల క్రింది బల్లలపై కూర్చుండి కచేరీలు వినెడివి. నగరములనుండి మైక్ సీగర్, రాల్ఫ్ రింజ్లర్ వంటి యువకులు బరువైన టేపు యంత్రములు మోసికొని వచ్చెడివారు. ఆనాటి గ్రామఫోను పలక యొక వైపున మూడు నిమిషములకు మించి పట్టదు. కంపెనీ గదిలో పాటను కత్తిరించి పాడవలెను. తోపులో అట్టి నిర్బంధము లేదు. శ్రోత కోరినచో పాత పాట పాడెడివారు. వాద్యకారుడు ఉత్సాహము కొలది మరియొక ఆవృత్తము వాయించెడివాడు. హాస్యమును, కీర్తనలును, చప్పట్లును అందు కలిసెడివి. పలకలు మన్రో పాటలను దాచినవి. టేపులు మన్రోను దాచినవి.

ఈ యువకులలో రింజ్లర్ మన్రోకు ఆప్తుడయ్యెను. స్క్రగ్స్ కీర్తి మిన్నుముట్టిన ఆ కాలమున, ఈ సంగీతమునకు జనకుడు మన్రో అని 1963లో ఒక సంగీతపత్రికయందు వ్యాసము వ్రాసి నిరూపించెను. కొంతకాలము అతని వ్యవహారములును చూచెను. 1965 సెప్టెంబరులో వర్జీనియా రాష్ట్రమున ఫిన్‌కాసిల్ చెంత, గుఱ్ఱములు పెంచు క్షేత్రమున, కార్ల్‌టన్ హేనీ అను నిర్వాహకుడు మూడు దినముల బ్లూగ్రాస్ ఉత్సవము జరిపెను. బహుదినోత్సవములలో అది మొదటిది. ఆదివారమునాడు పూర్వశిష్యులు ఒక్కొక్కరే వేదిక నెక్కి, గురువు ప్రక్కన నిలిచి, తాము అతనితో ఉన్నప్పటి పాటలు పాడిరి. ఫ్లాట్, స్క్రగ్స్ రాలేదు. కార్టర్ స్టాన్లీ వచ్చెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో, 41 యేండ్లకే మరణించెను. ఆనాడు టేపు యంత్రములు తిరుగకున్నచో ఆ కలయిక విన్నవారి జ్ఞాపకములతోనే అంతరించి యుండెడిది.

ఇండియానా రాష్ట్రమున బీన్ బ్లాసమ్ అను చోట మన్రోకు స్వంత సంగీతవనము ఉండెను. అచ్చట 1967లో అతడు తానే ఉత్సవము ప్రారంభించెను. 1971లో ఫ్లాట్ అచ్చటికి వచ్చెను. ఇరువదిమూడేండ్ల మౌనము కరచాలనముతో ముగిసెను. గురుశిష్యులు ఒకే వేదికపై పాడిరి. 1973 ఉత్సవమున రికార్డు చేసిన పాటలు బీన్ బ్లాసమ్ అను పేరనే వెలువడినవి.

1985లో దుండగుడెవడో ఇల్లు చొరబడి, నలువది యేండ్లుగా అతని చేతనున్న మాండలినును ముక్కలు చేసెను. గిబ్సన్ కంపెనీ పనివాడు ఓర్పుతో ఆ ముక్కలను అతికి ఇయ్యగా వృద్ధుడు మరల దానినే వాయించెను. 1970లో కంట్రీ సంగీత కీర్తిమందిరమున స్థానమును, 1995లో జాతీయ కళాపతకమును అతనికి లభించినవి. 1996 సెప్టెంబరు 9వ తేదీన, ఎనుబదియైదవ జన్మదినమునకు నాలుగు దినముల ముందు, మన్రో కన్నుమూసెను. రోజీన్ గ్రామముననే అతనిని ఖననము చేసిరి.

1956 నుండి 1969 వరకు జరిగిన కచేరీల టేపులనుండి రింజ్లర్ ఏర్చి కూర్చిన సంపుటమును స్మిత్‌సోనియన్ సంస్థ 1993లో వెలువరించెను. మరుసటి యేడే రింజ్లర్ మరణించెను. గురువు బ్రతికియుండగనే ఋణము తీర్చుకొనిన శ్రోత అతడు. పాడువాడు గొప్పవాడే, విని, విలువ యెరిగి, పదిలపరచువాడును అతనికి తోడు కావలెను. మన బడిపిల్లలు తమ యూరి ముదుసలి గాయకుని ముందు ఒక సాయంకాలము కూర్చుండి, అతని పాటను పట్టి ఉంచినచో, ఈ జీవితకథ చదివిన ఫలము దక్కినట్లే.