గూగ్లియెల్మో మార్కోనీ

గూగ్లియెల్మో మార్కోనీ (ఏప్రిల్ 25, 1874 - జూలై 20, 1937) ఇటలీ దేశానికి చెందిన ఆవిష్కర్త, వ్యాపారవేత్త. తీగలు లేకుండా వార్తలు పంపే నిస్తంత్రి తంతి విధానాన్ని ఆచరణలోకి తెచ్చినవాడుగా ప్రసిద్ధుడు. 1909లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్‌తో కలసి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొన్నాడు. పాఠ్యపుస్తకాలలో ఇతని పేరు రేడియో ప్రసారాలతో ముడిపడి కనిపిస్తుంది గాని, ఇతని కృషిలో పెద్ద భాగం ఓడలపై రేడియో యంత్రాలను అమర్చడం, నడిపించడం, వాటి లోపాలను సరిదిద్దడం చుట్టూ సాగింది. నేలమీద తంతి తీగలు అప్పటికే ఉన్నాయి. తీరం కనుమరుగైన ఓడకు మాత్రం లోకంతో మాట్లాడే మార్గం లేదు.

బాల్యం, తొలి ప్రయోగాలు

మార్కోనీ ఇటలీలోని బొలోన్యా నగరంలో జన్మించాడు. తండ్రి గ్యుసెప్పె మార్కోనీ భూస్వామి. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండుకు చెందినది. విశ్వవిద్యాలయ పట్టా ఏదీ లేకపోయినా, బొలోన్యా ఆచార్యుడు ఆగుస్తో రీగీ వద్ద విద్యుదయస్కాంత తరంగాలను గురించి తెలుసుకొనే అవకాశం ఇతనికి దక్కింది. 1894లో హైన్‌రిచ్ హెర్ట్జ్ మరణించినపుడు అతని ప్రయోగాలపై వెలువడిన వ్యాసాలు మార్కోనీని ఆకర్షించాయి.

1895లో పొంటెక్కియోలోని తమ ఇల్లు విల్లా గ్రిఫోనే వద్ద ప్రయోగాలు సాగించాడు. ప్రసారిణికి ఒక కొసను భూమికి కలిపి, రెండవ కొసను ఎత్తైన స్తంభంపై ఉంచిన రేకు పెట్టెకు కలిపాడు. పెట్టె 2 మీటర్ల ఎత్తున ఉంటే 30 మీటర్లు, 4 మీటర్ల ఎత్తున ఉంటే 100 మీటర్లు, 8 మీటర్ల ఎత్తున ఉంటే 400 మీటర్ల దూరం సంకేతాలు చేరాయి. ఎత్తు రెట్టింపైతే దూరం దాదాపు నాలుగింతలు అవుతోంది. ఇతరులు తరంగాలను ప్రయోగశాల బల్ల మీద పరిశీలిస్తూ ఉండగా, మార్కోనీ ఈ ఒక్క సంగతిని పట్టుకొని కొండ ఆవలికి, సుమారు 2 కిలోమీటర్ల దూరానికి సంకేతం పంపగలిగాడు. కొండ అవతల సంకేతం అందిందని తెలియజేయడానికి తుపాకి పేల్చారు.

అతని గ్రాహకంలో ముఖ్యభాగం కొహీరర్ అనే చిన్న గాజు గొట్టం. అందులోని నికెల్, వెండి రజను తరంగం తగలగానే అతుక్కొని విద్యుత్తును పోనిస్తుంది. ఒక చిన్న సుత్తి గొట్టాన్ని తట్టి రజనును విడదీస్తేనే తరువాతి సంకేతం నమోదవుతుంది. ఇటువంటి సున్నితమైన పరికరాన్ని ఊగిసలాడే ఓడలో, ఉప్పుగాలిలో పనిచేయించడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

సముద్రం వైపు

1896లో మార్కోనీ తల్లితో లండను చేరి, జూన్ 2న పేటెంటు దరఖాస్తు దాఖలు చేశాడు. బ్రిటిష్ తపాలాశాఖ ప్రధాన ఇంజనీరు విలియం ప్రీస్ అతనికి అండగా నిలిచాడు. 1897 మే నెలలో వేల్స్ తీరంలోని లావర్నాక్ పాయింట్ నుండి ఫ్లాట్ హోమ్ ద్వీపానికి నీటి మీదుగా వార్తలు పంపారు. అదే సంవత్సరం ఇటలీలోని స్పెజియా వద్ద యుద్ధనౌకతో జరిగిన పరీక్షలలో 18 కిలోమీటర్ల వరకు సంకేతాలు అందాయి. నడుమ నేల అడ్డువస్తే సంకేతాలు క్షీణిస్తాయన్న సంగతి కూడ అక్కడ బోధపడింది.

1898లో ఐర్లండు తీరాన పడవ పందెాలు జరుగుతుండగా ఒక టగ్గుబోటు నుండి ఫలితాలను ఒడ్డుకు పంపి పత్రికలవారిని ఆశ్చర్యపరచాడు. కాలు దెబ్బతిని ఓడలో ఉన్న యువరాజు ఆరోగ్యవార్తలను విక్టోరియా రాణికి చేరవేసిన ఉదంతం కూడ ఆ సంవత్సరమే జరిగింది. ఈ రెండూ పేరు తెచ్చినవి. అసలు ప్రయోజనం తేలినది మాత్రం ఇంగ్లండు ఆగ్నేయ తీరంలో. అక్కడి గుడ్విన్ ఇసుకదిబ్బలు ఎన్నో ఓడలను పొట్టన పెట్టుకొన్నాయి. వాటి చెంత లంగరు వేసి ఉండే ఈస్ట్ గుడ్విన్ దీపనౌకపై 1898 డిసెంబరులో మార్కోనీ యంత్రాన్ని అమర్చి, సుమారు 19 కిలోమీటర్ల దూరంలోని సౌత్ ఫోర్‌లాండ్ దీపస్తంభంతో కలిపారు. 1899 ఏప్రిల్ 28న దట్టమైన మంచులో ఆర్.ఎఫ్. మాథ్యూస్ అనే ఓడ ఆ దీపనౌకనే ఢీకొన్నది. దీపనౌక నుండి నిస్తంత్రి ద్వారా సహాయం కోరగా ఒడ్డు నుండి రక్షక పడవలు బయలుదేరాయి.

శ్రుతి చేయడం, మాట్లాడకూడదనే నియమం

తొలి యంత్రాల పెద్ద లోపం ఒకరి సంకేతాలు మరొకరి వాటితో కలిసిపోవడం. 1901లో అమెరికా కప్ పడవ పందెాలలో పోటీ సంస్థలు ఒకేసారి ప్రసారం చేసి ఎవరి వార్తా ఎవరికీ అందకుండా చేసుకొన్నాయి. ప్రసారిణిని, గ్రాహకాన్ని ఒకే తరంగదైర్ఘ్యానికి శ్రుతి చేసే పద్ధతిపై మార్కోనీ 1900లోనే 7777 సంఖ్యగల పేటెంటు దరఖాస్తు చేశాడు. ఆలివర్ లాడ్జ్ అంతకుముందే ఈ విషయమై కృషి చేసి ఉన్నాడన్నది మరువరాదు.

1900లో స్థాపించిన మార్కోనీ నౌకా సంస్థ యంత్రాలను ఓడలవారికి అమ్మేది కాదు. ఆపరేటరుతో సహా అద్దెకు ఇచ్చేది. కనుక ఓడలోని ఆపరేటరు ఓడవారి ఉద్యోగి కాక మార్కోనీ ఉద్యోగిగా ఉండేవాడు. ఆపద సమయంలో తప్ప ఇతర సంస్థల యంత్రాలున్న ఓడలతో మాట్లాడరాదని సంస్థ నియమం పెట్టింది. వ్యాపార దృష్టితో దీనిని అర్థం చేసుకోవచ్చును గాని, సముద్రంపై ఒకరి పిలుపు మరొకరు వినకపోవడం ఎంతటి ప్రమాదమో చెప్పనవసరం లేదు. మార్కోనీ జీవితంలో విమర్శకు తగిన ఘట్టాలలో ఇది ఒకటి. జర్మనీ ప్రభుత్వం దీనిని గట్టిగా వ్యతిరేకించింది. 1906 బెర్లిన్ సమావేశంలో, తీర కేంద్రాలు ఏ సంస్థ యంత్రమున్న ఓడతోనైనా మాట్లాడాలని నిర్ణయించారు. ఆపద సంకేతంగా ఎస్.ఓ.ఎస్. కూడ అక్కడే అంగీకారం పొందింది. ఓడకూ ఓడకూ మధ్య ఈ బాధ్యత 1912 లండన్ సమావేశంతో వచ్చింది.

అట్లాంటిక్ మీదుగా

1901 డిసెంబరు 12న ఇంగ్లండులోని పోల్డూ నుండి పంపిన ఎస్ అక్షరపు మూడు చుక్కలను సుమారు 3,400 కిలోమీటర్ల దూరాన న్యూఫౌండ్లాండులో గాలిపటానికి కట్టిన తీగ సాయంతో విన్నట్లు మార్కోనీ ప్రకటించాడు. దానిని శంకించినవారు ఉన్నారు. ఆనాడు వాడిన పాదరసపు కొహీరర్‌కు మన జగదీశ్ చంద్ర బోస్ 1899లో వర్ణించిన పరికరంతో పోలిక ఉన్నదని తరువాతి పరిశోధకులు చూపారు. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అనే ఓడలో చేసిన ప్రయోగాలు మరింత నమ్మదగినవి. పగలు సుమారు 1,100 కిలోమీటర్ల వద్ద ఆగిపోయిన సంకేతాలు రాత్రి 3,000 కిలోమీటర్లు దాటి అందాయి.

టైటానిక్

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడలో పనిచేసిన జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ మార్కోనీ ఉద్యోగులే. ప్రమాదానికి రెండు రాత్రుల ముందు వారి యంత్రం మూగబోయింది. రాత్రంతా వెదకగా, ట్రాన్స్‌ఫార్మరు నుండి వచ్చే తీగ కాలి ఇనుప బోల్టులకు తగిలి విద్యుత్తు భూమికి పోతున్నట్లు తేలింది. తెల్లవారేసరికి బాగుచేశారు. ఆ మరమ్మతు జరిగి ఉండకపోతే ఏప్రిల్ 14 రాత్రి పిలుపు వెళ్ళేది కాదు. కార్పేథియా ఓడ ఆ పిలుపు విని వచ్చి 700 మందికి పైగా కాపాడింది. అంతకంటె దగ్గరలో ఉన్న కాలిఫోర్నియన్ ఓడలో ఉన్న ఒకే ఒక ఆపరేటరు అప్పటికి నిద్రకు ఉపక్రమించాడు. సుమారు 1,500 మంది మరణించారు. యంత్రం ఉన్నంత మాత్రాన చాలదు, దాని వద్ద ఎల్లవేళలా వినేవాడు ఉండాలన్న నియమం 1914 నాటి అంతర్జాతీయ నౌకా భద్రతా ఒప్పందంలో చేరింది.

ఎలెట్రా నౌక, సూక్ష్మతరంగాలు

1919లో మార్కోనీ ఎలెట్రా అనే నౌకను కొని తేలే ప్రయోగశాలగా మార్చుకొన్నాడు. అందులో జరిపిన హ్రస్వతరంగ పరిశోధనల ఫలితంగా 1927లో ఇంగ్లండు, భారతదేశాల మధ్య బీమ్ నిస్తంత్రి సేవ మొదలైంది. 1930 దశకంలో ఇంకా చిన్న తరంగాల వైపు మళ్ళాడు. 1934లో సెస్త్రి లెవాంతె వద్ద ఎలెట్రా కిటికీలకు తెరలు వేసి, కేవలం రేడియో సంకేతాల ఆధారంగా రెండు బోయాల మధ్య నుండి ఓడను నడిపించి చూపాడు. వాటి తరంగదైర్ఘ్యం సుమారు 60 సెంటీమీటర్లు.

నేడు చేపల పడవలలో సైతం కనిపించే వి.హెచ్.ఎఫ్. రేడియో తరంగదైర్ఘ్యం సుమారు 2 మీటర్లు. ఆపద పిలుపుకు 16వ ఛానెల్, అనగా 156.8 మెగాహెర్ట్జ్, కేటాయించబడింది. గరిష్ఠ శక్తి 25 వాట్లు. ఇందులోనూ ఆంటెనా ఎత్తే ప్రధానం గాని, లెక్క మాత్రం మారింది. ఈ తరంగాలు దాదాపు చూపుమేర వరకే పోతాయి కనుక ఎత్తు రెట్టింపైనా దూరం సుమారు 1.4 రెట్లే పెరుగుతుంది. 4 మీటర్ల ఎత్తున ఆంటెనాలున్న రెండు పడవలు సుమారు 16 కిలోమీటర్ల వరకు మాట్లాడుకోగలవు. తీరంలో 100 మీటర్ల ఎత్తున ఆంటెనా ఉంటే అదే పడవకు దాదాపు 50 కిలోమీటర్లు అందుతుంది. శక్తి పెంచడం కంటె ఆంటెనాను పైకి ఎత్తడం మేలన్నది అందువల్లనే. పడవలో సెట్టు వినిపిస్తూ, మాట బయటకు పోకపోతే ముందుగా చూడవలసినవి ఉప్పునీటికి తుప్పుపట్టిన ఆంటెనా కేబులు అతుకులు, ప్రసార సమయంలో పడిపోయే బ్యాటరీ వోల్టేజి.

వ్యక్తిగత జీవితం, చివరి దశ

1905లో బియాట్రిస్ ఓబ్రయన్‌ను వివాహమాడాడు. ఆ వివాహం రద్దయిన తరువాత 1927లో మారియా క్రిస్టీనా బెజ్జీ-స్కాలీని పెండ్లాడాడు. 1912లో కారు ప్రమాదంలో కుడికన్ను కోల్పోయాడు. 1923లో ఫాసిస్టు పార్టీలో చేరి, 1930లో ముస్సోలినీ ప్రభుత్వపు రాయల్ అకాడమీకి అధ్యక్షుడైనాడు. యూదులకు అందులో సభ్యత్వం దక్కకుండా చూశాడనడానికి ఆధారాలు తరువాతి కాలంలో బయటపడ్డాయి.

1937 జూలై 20న గుండెజబ్బుతో రోమ్‌లో మరణించాడు. బ్రిటనులో రేడియో కేంద్రాలు రెండు నిమిషాలు మౌనం పాటించాయి. ఎలెట్రాను రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్లు స్వాధీనం చేసుకోగా, 1944లో డాల్మేషియా తీరంలో అది మిత్రరాజ్యాల దాడికి గురైంది. తరువాత వెలికితీసిన దాని శకలాలు ఇటలీలో పలుచోట్ల ఉన్నాయి. వాటిలో ఒకటి విల్లా గ్రిఫోనేలో మార్కోనీ సమాధి వద్ద ఉంది.