బిడ్డలు లేని తల్లి – నిలోఫర్ జీవితము

ధ్యానమునకు: యెషయా 56:1–8



పల్లెలో చంటిబిడ్డకు జబ్బు ముదిరి, దగ్గరి ఆసుపత్రిలో నయము కానప్పుడు, పట్నము తీసికొనిపోయి నిలోఫరులో చూపించుమని పెద్దలు చెప్పుదురు. హైదరాబాదులో లక్డీకాపూల్ దగ్గర, రెడ్‌హిల్స్‌లో ఆ ఆసుపత్రి యున్నది. లక్డీకాపూల్ అనగా కర్రవంతెన. ఆ ఆసుపత్రి పేరు మనకందరికిని తెలియును గాని, ఆ పేరుగల స్త్రీ ఎవరో మనలో కొందరికే తెలియును. ఈ నెల ఆమెనుగూర్చి తలంచుకొందము.

నిలోఫర్ 1916వ సంవత్సరము జనవరి 4వ తేదీన తుర్కీదేశములోని ఇస్తాంబుల్ నగరమందు జన్మించెను. ఆమె తల్లి సుల్తాను అయిదవ మురాదుకు మనుమరాలు. ఆమె పసితనములోనే తండ్రి చనిపోయెను. 1924 మార్చి నెలలో తుర్కీ ప్రభుత్వము ఖలీఫా పదవిని తీసివేసి, ఆ రాజవంశమువారినందరిని దేశమునుండి పంపివేసెను. ఎనిమిదేండ్ల ఆ పిల్ల తల్లితోకూడ పరదేశియై, ఫ్రాన్సు దేశపు సముద్రతీరమందలి నీస్ పట్టణమున పెరిగెను.

ఆ దినములలో హైదరాబాదు సంస్థానమును ఏలుచుండిన నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్, దేశమునుండి వెళ్లగొట్టబడిన ఖలీఫాకు నెలనెల ధనసహాయము చేయుచుండెను. 1931 నవంబరు 12వ తేదీన నీస్‌లో ఒకేదినమున రెండు వివాహములు జరిగెను. నిజాము పెద్దకుమారుడు ఆజంజా ఖలీఫా కుమార్తెయైన దుర్రుషెహ్వారును, రెండవ కుమారుడు మొజంజా నిలోఫరును పెండ్లాడిరి. మన ఊరివారు పట్నము వెళ్లినప్పుడు చూచు మొజంజాహీ మార్కెట్టు ఈ మొజంజా పేరు పెట్టబడినదే.

పదునైదేండ్ల కోడలు భాష తెలియని దేశమునకు వచ్చెను. ఆమె అందమును లోకమంతయు పొగడెను. పరదాచాటున నుండిపోక, ఆమె సభలకును విందులకును వెళ్లుచుండెను. ఆమెకు కొరతయన్నది లేదని చూచువారు తలంచియుందురు. అయితే సంవత్సరములు గడచినను ఆమెకు సంతానము కలుగలేదు. వైద్యులయొద్దకు వెళ్లినను ఫలము లేకపోయెను. 1948లో భర్త మరియొక భార్యను చేసికొనెను. సీమంతమునకు పిలువబడక వాకిట నిలిచిపోయిన మన ఊరి స్త్రీకిని, ఆ నగరులోని స్త్రీకిని దుఃఖము ఒక్కటే.

1949లో ఆమె ఇంట పనిచేయుచుండిన రఫతున్నీసా అను స్త్రీ కాన్పుకష్టములో మరణించెను. ఆ మరణము నిలోఫరును కదలించెను. తనకు కలుగని భాగ్యము కలుగబోవు సమయముననే ఆ పేదరాలు తగిన వైద్యము అందక పోయెను. ఇట్టి మరణము మరియొక తల్లికి రాకూడదని నిలోఫర్ తన మామగారైన నిజామును వేడుకొనెను. తల్లులకును పిల్లలకును ఒక ఆసుపత్రి కట్టుటకు పూనుకొనిరి.

ఇక్కడ మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. 1952లో ఆమెకు భర్తతో విడాకులాయెను. ఆ మరుసటి యేడు, 1953లో, నూరు పడకలతో ఆసుపత్రి తెరువబడెను. ఆ యింటి కోడలు అను పేరు పోయినను, ఆసుపత్రిమీద ఆమె పేరు నిలిచెను. ఆమె ఫ్రాన్సులోనే నివసించి, 1963లో మరల వివాహము చేసికొని, 1989 జూన్ 12వ తేదీన పారిస్‌లో కన్నుమూసెను. కడవరకు ఆమెకు బిడ్డలు కలుగలేదు. అయినను పుట్టిన బిడ్డను ఒడిలో పెట్టుకొని ఆ గుమ్మము దాటి యిల్లుచేరు తల్లులు నేటికిని ఆమె పేరు పలుకుచున్నారు.

నిలోఫర్ మన మతమునకు చెందినది కాదు. అయినను పైని చెప్పిన వాక్యభాగములో ప్రవక్త ఎవరినిగూర్చి పలికెనో చూడుడి. పరదేశిని, సంతానము లేనివానిని లోకము పక్కకు నెట్టును, దేవుడు నెట్టడు. ఆమె ఆ రెండు దుఃఖములను ఎరిగినది. తన దుఃఖమును లోపల దాచి చేదుచేసికొనక, మరియొకరి ప్రాణమునకు కాపుగా మార్చెను.

మనమేమి చేయుచున్నాము? మన సంఘములో బిడ్డలులేని సహోదరిని గొడ్రాలని పిలిచిన నోరు మనదైయుండిన యెడల, ఈ ఆదివారమే ఆమె యింటికి వెళ్లి క్షమాపణ వేడుకొందము. శుభకార్యములకు ఆమెను ముందుగా పిలుతము. గర్భవతిని నెలలు నిండువరకు ఇంటనే ఉంచక, వేళకు ఆసుపత్రిలో చూపింతము. బండికి రూకలు లేని యింటికి మన సంఘమే తోడైయుండునుగాక.

ప్రార్థన: తండ్రీ, మాకు లేనిదానినిగూర్చి ఏడ్చు మా కన్నులను, ఇతరుల కొరతను చూచు కన్నులుగా చేయుము. ఆమేన్.