డేగవేటను గ్రంథస్థం చేసిన భూలోకమల్లుడు

జగిత్యాల చెంతనున్న పొలాస ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల సామంతుల రాజధాని. ఆ చాళుక్య వంశంలో యాభై ఏండ్లు రాజ్యమేలిన ఆరవ విక్రమాదిత్యుని కుమారుడు మూడవ సోమేశ్వరుడు. 1126లో సింహాసనమెక్కిన ఈ ప్రభువుకు భూలోకమల్లుడని బిరుదు. 1129 ప్రాంతంలో ఆయన సంస్కృతంలో రచించిన ‘మానసోల్లాసం’ నూరు అధ్యాయాల విజ్ఞానకోశం. పాలన, పాకశాస్త్రం, సంగీతాలతో పాటు డేగవేటకు సైతం అందులో ఒక అధ్యాయమున్నది.

ఈ విద్య నేర్వబూనిన వానికి తొలిపాఠం ఓర్పు. పట్టి తెచ్చిన డేగ దండనకు లొంగదు. చెంతనే ఉండి, చేతిమీద మాంసం తినిపించి, దాని భయం పోగొట్టాలి. మొదట కాలికి దారం కట్టి కొద్ది దూరం నుండి పిలవాలి. పిమ్మట దారం విప్పి ఆకాశానికి వదలాలి. అది తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. అక్కడ చక్రవర్తి ఆజ్ఞ చెల్లదు. మచ్చికయే దానిని పిడికిటిపైకి రప్పిస్తుంది.

1138లో సోమేశ్వరుడు మరణించాడు. అనంతరం సామంతులు పిడికిలి విడిచిన డేగలైనారు. సుమారు రెండు దశాబ్దాలకే కల్యాణి సింహాసనం బిజ్జలుని వశమైంది. పొలాసను కాకతి రుద్రదేవుడు జయించాడు. రాజ్యం పోయింది, గ్రంథం నిలిచింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత మనదేశంలో డేగను పట్టరాదు. అయినను ఉర్దూలో బాజ్ అన్నా, తెలుగులో డేగ అన్నా, ఆ పక్షి నేర్పే పాఠమొక్కటే. విద్యార్థులారా! బలిమి కంటె చెలిమి మిన్న.