వంద పూసల మాల.. 25 లక్షల అడుగులు

హిమాలయాల్లో పెద్ద ట్రెక్‌కి వెళ్లాలనుకోగానే మనవాళ్లు ముందు చూసేది బూట్లు, జాకెట్, వీపు సంచి. తప్పేమీ లేదు, అవీ కావాలి. కానీ 160 ఏళ్ల కిందట ఒక బడిపంతులు టిబెట్‌కి నడిచి వెళ్లడానికి సర్దుకున్న సామాను చూడండి. ఒక జపమాల. చేత్తో తిప్పుతూ పోయే ప్రార్థనా చక్రం. ఒక చేతికర్ర, ఒక చెక్కపెట్టె, తిండికి ఒక గిన్నె, కొన్ని గవ్వలు. దారిలో ఎవరు చూసినా పుణ్యం కోసం పోతున్న యాత్రికుడే అనుకుంటారు. అసలు కిటుకు అక్కడే ఉంది. అందులో చాలా వస్తువులు పైకి కనపడేవి ఒకటి, చేసే పని మరొకటి. వాటిని వాడటం వంటబట్టడానికే ఆయనకి దాదాపు రెండేళ్లు పట్టింది.

ఆయన పేరు నైన్‌సింగ్ రావత్. 1830 అక్టోబరు 21న కుమావూ కొండల్లో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని జోహార్ లోయలో పుట్టారు. ఊరు మిలం. హిమానీనదం అంచునే, గోరీ గంగ ఒడ్డున, 3,400 మీటర్లకు కాస్త అటూఇటూ ఎత్తులో ఉండే ఊరది. అక్కడి శౌకా జనానికి టిబెట్‌తో వ్యాపారమే జీవనం. ఇక్కడి ధాన్యం, బట్టలు అటు, అక్కడి ఉప్పు, ఉన్ని ఇటు. వేసవిలో మందల్ని తోలుకుని 17 వేల అడుగులు దాటిన కనుమల మీదుగా పోవడం, చలికాలానికి కింది ఊళ్లకి దిగడం. నైన్‌సింగ్ కూడా చిన్నప్పుడే తండ్రి అమర్‌సింగ్ వెంట టిబెట్ సంతలకి వెళ్లారు. టిబెటన్ భాష, వాళ్ల మర్యాదలు అలా ఒంటబట్టాయి. ఎత్తు కూడా అంతే. మనం ఇవాళ నాలుగు రోజుల్లో శరీరానికి అలవాటు చేయాలని చూసేదాన్ని ఆయన శరీరం ఇరవై ఏళ్లపాటు నేర్చుకుంది.

1850ల్లో జర్మనీ నుంచి వచ్చిన ష్లాగింట్‌వైట్ సోదరులు హిమాలయాల్లో సర్వే చేస్తుంటే వాళ్ల దగ్గర పనికి కుదిరారు. దిక్సూచి చూడటం, థర్మామీటర్ చదవడం మొదట అక్కడే తెలిసింది. తర్వాత మిలం ప్రభుత్వ బడిలో పంతులు ఉద్యోగం. ‘పండిట్’ అన్న పేరు అలా వచ్చింది. అదే పేరు తర్వాత బ్రిటిష్ సర్వేలో రహస్యంగా పనిచేసిన ఇలాంటి వాళ్లందరికీ స్థిరపడిపోయింది.

ఎందుకు వెళ్లాలి?

అప్పటికి గ్రేట్ ట్రిగొనోమెట్రికల్ సర్వే భారతదేశాన్ని దక్షిణం నుంచి కొలుచుకుంటూ హిమాలయాల దాకా చేరింది. దాటి చూస్తే మాత్రం పటంలో తెల్ల కాగితమే. టిబెట్‌లోకి పరాయివాళ్లకి ప్రవేశం లేదు. మధ్య ఆసియాలో తిరగబోయిన అడాల్ఫ్ ష్లాగింట్‌వైట్‌ని 1857లో కాష్గర్‌లో తల నరికి చంపారు. ఆయన దగ్గరా, ఆయన సోదరుల దగ్గరా పనిచేసిన నైన్‌సింగ్‌కి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? ఆ తర్వాత కెప్టెన్ థామస్ మాంట్‌గొమరీ అనే సర్వే అధికారికి ఒక ఆలోచన వచ్చింది. తెల్లవాళ్లు వెళ్లలేని చోటికి సరిహద్దు జనాన్ని పంపితే? మొదట అబ్దుల్ హమీద్ అనే గుమస్తాని యార్కండ్‌కి పంపారు. ఆయన పని పూర్తిచేశారు గానీ తిరుగు దారిలో చనిపోయారు. కాగితాలు మాత్రం చేరాయి.

ఆ వరసలో తర్వాతి వాళ్లుగా 1863లో నైన్‌సింగ్‌ని, ఆయన వరసకు సోదరుడైన మణిసింగ్‌ని డెహ్రాడూన్‌కి పిలిపించారు. బ్రిటన్‌కి కావలసింది భూగోళ శాస్త్రం ఒక్కటే కాదు, రష్యాతో పోటీలో సరిహద్దు అవతల ఏముందో తెలియాలి. చూడబోతే ఇది గూఢచర్యమే. దొరికితే ప్రభుత్వం మావాడే అని ముందుకు రాదు. పోయే ప్రాణం నైన్‌సింగ్‌ది. ఆయన సాహసాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ సంగతి పక్కన పెట్టడం న్యాయం కాదు.

నడక నేర్చుకున్న మనిషి

పుట్టింది కొండల్లో, పెరిగింది కనుమల్లో. అలాంటి మనిషికి డెహ్రాడూన్‌లో నేర్పిన ముఖ్యమైన పని నడవడం! ఎక్కుడైనా, దిగుడైనా, రాళ్లయినా, ఇసుకైనా అడుగు ఒకే కొలతలో పడాలి. మైలుకి సుమారు 2,000 అడుగులు. నిజంగా ఎంత కష్టమో తెలియాలంటే రేపు కాలేజీకో, బస్టాండుకో వెళ్తూ వెయ్యి అడుగులు లెక్కపెట్టి చూడండి. ఎవరో పలకరిస్తారు, ఫోన్ మోగుతుంది, 340 దగ్గరో 430 దగ్గరో లెక్క పోతుంది. ఆయన నెలల తరబడి, బిడారు వ్యాపారులతో కబుర్లు చెబుతూ, అనుమానం రాకుండా లెక్కపెట్టాలి.

అందుకే జపమాల. బౌద్ధుల మాలలో 108 పూసలుంటాయి. ఈ మాలలో సరిగ్గా 100. వంద అడుగులకి ఒక పూస జరుగుతుంది. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు, అంటే సుమారు అయిదు మైళ్లు. ఎనిమిది పూసల తేడాని ఆగి లెక్కపెట్టేవాళ్లు ఎవరుంటారు? ప్రార్థనా చక్రంలో మంత్రాల కాగితం చుట్ట ఉండాలి. ఆయన చక్రంలో దూరాలు, దిక్కులు రాసుకున్న చీటీలు ఉండేవి. జపంలో ఉన్నవాణ్ణి పలకరించడం మర్యాద కాదు కాబట్టి ఎవరైనా దగ్గరికి వస్తే చక్రం తిప్పుతూ గొణిగితే చాలు.

చెక్కపెట్టెకి దొంగ అడుగు. దాని కింద సెక్‌స్టెంట్. రాత్రి నక్షత్రం ఎత్తు కొలిచి అక్షాంశం తేల్చడానికి అది కావాలి. అయితే చుట్టూ కొండలుంటే క్షితిజ రేఖ కనపడదు. కదలకుండా సమంగా నిలిచే పాదరసం అద్దంలా పనిచేసి ఆ లోటు తీరుస్తుంది. ఆ పాదరసాన్ని గవ్వల్లో పోసి మైనంతో మూశారు, అవసరమైనప్పుడు తిండిగిన్నెలో ఒంపుకోవడానికి. థర్మామీటర్ చేతికర్రలో. దాంతో జ్వరం చూడరు, మరుగుతున్న నీళ్ల వేడి చూస్తారు. సుమారు 300 మీటర్లు పైకి పోతే నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది. లాసాలో 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అంటే టీ కాచుకున్న ప్రతిచోటా ఎత్తు కొలవొచ్చన్నమాట.

మొదటి దారి మూసుకుపోయింది

1865 జనవరిలో ఇద్దరూ బయల్దేరారు. కుమావూ నుంచి నేరుగా పోవడం కుదరక నేపాల్ వైపు తిరిగి, మార్చిలో కాఠ్‌మాండూ చేరారు. అక్కడి నుంచి కీరోంగ్ మీదుగా టిబెట్‌లోకి పోవాలని పథకం. సరిహద్దు అధికారులు సామానంతా సోదా చేశారు. పరికరాలు దొరకలేదు. అయినా నమ్మకం కుదరక వెనక్కి పంపేశారు. పైగా కీరోంగ్ అధికారికి మణిసింగ్ తెలిసిన మనిషి. ఆయన ఇక ఆ దారిన పోతే ముప్పే.

నైన్‌సింగ్ ఇంటికి పోలేదు. అలాగని మొండిగా అదే వేషంలో అదే గేటు దగ్గర నిలబడనూ లేదు. కాఠ్‌మాండూ తిరిగొచ్చి, వేషం మార్చి, లద్దాఖ్ వైపు వాడిలా జడ పెట్టుకుని మళ్లీ బయల్దేరారు. తీసుకెళ్తానన్న వ్యాపారి డబ్బు తీసుకుని రాకుండా పోయాడు. ఆ వ్యాపారి బంధువుల సాయంతోనే ఎలాగో దారి దొరికింది గానీ ఒక షరతు మీద. ఆ ఏడాది లాసా వెళ్లను, వెళ్తే నా ప్రాణానికి నేనే పూచీ అని కాగితం రాసివ్వాలి. రాసిచ్చారు. వెళ్లేది లాసాకే!

దారిలో ట్రాడోమ్ అనే చోట బిడారు మానస సరోవరం వైపు తిరిగింది. ఈయనకి కావలసింది తూర్పు దిక్కు. ఒంట్లో బాగోలేదని అక్కడే ఆగిపోయి, లాసాకి పోయే లద్దాఖ్ బిడారు వచ్చేదాకా కాచుకున్నారు. అక్టోబరు ఆఖర్లో షిగాట్సే చేరాక దాదాపు రెండు నెలలు మకాం. బిడారుతో నడవడంలో ఇంకో మేలుంది. యాకులూ గొర్రెలూ పరుగులు పెట్టవు. ఇప్పుడు డాక్టర్లు చెప్పేదీ అదే కదా. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దు, మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగండి అని. సెలవులు అయిదు రోజులే ఉన్నాయని ఆ ఆగే రోజుని కోసేసే పథకాలు చూస్తుంటాం. కోయకూడని రోజు అదొక్కటే.

1866 జనవరి 10న లాసా. మూడు నెలల పైన ఉన్నారు. డబ్బులు అయిపోవస్తే నేపాలీ వర్తకుల పిల్లలకి, గుమస్తాలకి మన పద్ధతి పద్దులు నేర్పి పొట్టపోసుకున్నారు. ఇలాంటప్పుడు పంతులు బతుకు పనికొచ్చింది. ఇద్దరు కశ్మీరీ వర్తకులు ఆయన వేషం కనిపెట్టేశారు. వాళ్లు బయటపెట్టలేదు, పైగా ఆయన గడియారం తాకట్టు పెట్టుకుని డబ్బిచ్చారు. అనుమతి లేకుండా నగరానికి వచ్చిన ఒక చైనీయుణ్ణి అందరి ముందు తల నరకడం ఈయన కళ్లారా చూశారు. ఆ తర్వాత ఒకరోజు వీధిలో ఎదురుగా కనపడింది ఎవరనుకున్నారు? కీరోంగ్ అధికారి. తను రాసిచ్చిన కాగితం అతని దగ్గరే ఉంది. నైన్‌సింగ్ బస మార్చేశారు, వీధిలోకి రావడం బాగా తగ్గించేశారు. నక్షత్రాల లెక్కలు మాత్రం ఆపలేదు. ఆ గదుల్లో రాత్రుళ్లు కొలిచి తేల్చిన లాసా అక్షాంశం 29 డిగ్రీల 39 నిమిషాలు. ఇవాళ ఉపగ్రహాలు చూపేదీ అదే.

ఏప్రిల్‌లో బిడారుతో వెనుదిరిగి, సాంగ్‌పో నది వెంట మానస సరోవరం దాకా కొలుచుకుంటూ వచ్చి, అక్టోబరులో డెహ్రాడూన్ చేరారు. మొత్తం 1,200 మైళ్లు. దాదాపు 25 లక్షల అడుగులు, ఒక్కొక్కటీ లెక్కలో ఉంది.

మరుసటి ఏడాదే టిబెట్ బంగారు గనుల వైపు పంపారు. థోక్ జాలుంగ్ అనే ఆ చోటు 16 వేల అడుగుల పైన ఉంది. గాలి తట్టుకోలేక గనివాళ్లు గుడారాల్ని నేల మీద కాక గోతుల్లో వేసుకునేవాళ్లు. చలికాలంలోనే ఎక్కువమంది తవ్వేవారు. గడ్డకట్టిన మట్టి కూలిపడదు కాబట్టి.

ఇరవై ఆరు గొర్రెలు

ప్లానింగ్ అంటే ఏమిటో చూడాలంటే ఆయన ఆఖరి ప్రయాణం చూడాలి. 1874 జులైలో లేహ్ నుంచి, లామా వేషంలో, ఉత్తర పీఠభూమి మీదుగా లాసాకి. ఊళ్లు ఉండవు, నెలల తరబడి సగటున 14 వేల అడుగుల ఎత్తు. మూటలు మోయడానికి గుర్రాలు తీసుకుంటే వాటి మేత మోయడానికి ఇంకో గుర్రాలు కావాలి. నైన్‌సింగ్ తీసుకెళ్లింది 26 గొర్రెల్ని. ఒక్కోటి పది కిలోల దాకా మోస్తుంది, దారిలో దొరికిన గడ్డి తానే మేస్తుంది. చివరిదాకా బతికి మోసినవి నాలుగైదు మాత్రమే.

నవంబరు 18న లాసా చేరితే అక్కడ తనను గుర్తుపట్టే మనిషి కంటపడ్డాడు. ఇక క్షణం ఆలస్యం లేదు. అప్పటిదాకా రాసిన లెక్కలన్నీ ఇద్దరు మనుషులకిచ్చి లేహ్‌కి వెనక్కి పంపేశారు. తాను దొరికినా, దారిలో పోయినా సగం పటం భద్రం. తర్వాత ఇంటి యజమానితో ఉత్తరాన ఉన్న ఒక మఠానికి యాత్రకి పోయి కొద్దిరోజుల్లో వస్తానని చెప్పి, నమ్మకం కోసం సామాను అక్కడే వదిలి, నిజంగానే ఉత్తరానికి నడిచారు. చీకటి పడగానే దక్షిణానికి తిరిగారు. తవాంగ్‌లో దాదాపు రెండు నెలలు ఆపేశారు. 1875 మార్చి 1న అస్సాంలోని ఉదల్‌గురి చేరేసరికి లేహ్ నుంచి 1,400 మైళ్లు పూర్తయ్యాయి.

శరీరం అక్కడితో చాలించమంది. ఏళ్ల తరబడి మంచు వెలుగు, రాత్రుళ్లు పరికరాల మీద వంచిన చూపు కళ్లని దెబ్బతీశాయి. 1877లో లండన్ రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ప్రకటించింది. ప్రభుత్వం రోహిల్‌ఖండ్‌లో ఒక గ్రామాన్ని జాగీరుగా ఇచ్చింది. అప్పటిదాకా ఆయన పేరు బయటికి రానీయలేదు, నివేదికల్లో ఆయన ఉత్త ‘పండిట్’. తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది 2004లో.

చూపు తగ్గాక మళ్లీ పంతులయ్యారు. సర్వేకి కొత్తగా వచ్చినవాళ్లకి నడక, లెక్క, దాచిపెట్టడం నేర్పారు. వాళ్లలో సొంత ఊరివాడు, బంధువు కిషన్‌సింగ్ ఒకరు. 1878లో బయల్దేరి నాలుగేళ్లు టిబెట్, మంగోలుల దేశం తిరిగిన కిషన్‌సింగ్‌కి ఒకచోట బందిపోట్ల భయంతో వేగంగా పోతున్న బిడారు వాళ్లు నడవొద్దు, గుర్రం ఎక్కాల్సిందే అన్నారు. ఎక్కక తప్పలేదు. ఎక్కి, గుర్రం అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.