మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు

గోదావరీ తీరం నుంచి అరకులోయ వరకు వ్యాపించిన తూర్పు కనుమల కొండసీమకు మన్యమని పేరు. బగతలు, కొండదొరలు, కోదులు, కోయలు, కొండరెడ్లు మొదలైన గిరిజనులకు అది అనాదిగా నివాసభూమి. కొండవాలులో పొదలు నరికి, కాల్చి, ఆ బూడిద సత్తువతో చోళ్లు, సామలు, కందులు పండించడం వారి సేద్యపద్ధతి. దీనినే పోడు అంటారు. చింతపండు, తేనె, కరక్కాయలు, అడ్డాకులు సేకరించి, వారపు సంతలో ఇచ్చి ఉప్పు, బట్టలు తెచ్చుకొనేవారు. అడవే వారికి పొలం, అడవే ధాన్యాగారం.

ఈ జీవనానికి ఆంగ్లేయుల పాలనలో విఘాతం కలిగింది. కల్లుపై పన్ను, సర్కారు పక్షాన మన్సబుదారులు సాగించిన దౌర్జన్యం సహించలేక 1879లో రంప ప్రాంతం తిరగబడింది. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం అడవులను రిజర్వు చేసి, పోడును, పశువుల మేతను కట్టడి చేసింది. తాతల నాటి కొండమీద వంటచెరకు ఏరుకోవడమూ నేరమయింది. ముఠాదారులుగా గ్రామాలపై ఆధిపత్యం వహించిన గిరిజన పెద్దల అధికారాలు క్రమంగా సన్నగిల్లాయి. మైదానం నుంచి వచ్చిన వడ్డీ వ్యాపారులకు అప్పులపాలైన గిరిజనుల పంట దక్కింది.

ఇటువంటి మన్యానికి అండగా నిలిచిన సీతారామరాజు మన్యంలో పుట్టినవాడు కాడు. ఆయన 1897 జులై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో వేంకటరామరాజు, సూర్యనారాయణమ్మ దంపతులకు జన్మించాడు. వారి స్వగ్రామం పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు. ఛాయాచిత్రకారుడైన తండ్రి రాజు బాల్యంలోనే మరణించాడు. చదువుపై మనసు నిలవక, ఆధ్యాత్మిక చింతనతో దేశాటనం చేసిన రాజు 1917లో మన్యపు అంచున ఉన్న కృష్ణదేవిపేటకు చేరుకొన్నాడు. అక్కడ తాపసిగా జీవిస్తూ, మూలికావైద్యం చేస్తూ గిరిజనుల విశ్వాసాన్ని చూరగొన్నాడు. మద్యం మానుమని, తగవులను కోర్టుల కెక్కక పంచాయతీలలోనే తీర్చుకొమ్మని బోధించాడు.

ఆ రోజులలో నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రహదారి వేస్తున్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత బలవంతంగా రాళ్లు మోయించి, చట్టబద్ధమైన కూలి ఇవ్వకుండా వేధించాడు. ఫిర్యాదులు అరణ్యరోదనమయ్యాయి. రాజుపై అనుమానం పెంచుకొన్న ప్రభుత్వం ఆయనను కొంతకాలం నిఘాలో ఉంచింది. పైడిపుట్టలో భూమి ఇచ్చి, సేద్యం చేసుకొని బ్రతికే వీలు కల్పించింది. ఆయన ఆ సుఖజీవనాన్ని కాదని, తనది కాని కష్టాన్ని తనదిగా స్వీకరించాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై రాజు దళం దాడి చేసింది. గాం గంటందొర, మల్లుదొర సోదరులు ఆయనకు కుడిభుజాలుగా నిలిచారు. మూడు ఠాణాలలో 26 తుపాకులు లభించాయి. తీసుకొన్న ఆయుధాల వివరాలను రాజు ఠాణా పుస్తకంలో వ్రాసి మరీ వెళ్లాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఆంగ్లేయాధికారులు హతులయ్యారు. భారతీయ సిపాయిలకు హాని చేయకుండా వదలివేయడం ఆ దళం పాటించిన నియమం.

రెండేళ్ల పాటు పోరు సాగింది. ప్రభుత్వం మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్ దళాన్ని దించింది. 1924లో ప్రత్యేకాధికారిగా వచ్చిన రూథర్‌ఫర్డ్ గ్రామాలపై ఒత్తిడి పెంచాడు. దళానికి అన్నం పెట్టారన్న అనుమానం చాలు, ఊరంతా శిక్షకు గురయ్యేది. చివరకు మంప సమీపంలో పట్టుబడిన రాజును 1924 మే 7న కొయ్యూరులో విచారణ లేకుండానే కాల్చిచంపారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైయేడేళ్లయినా నిండలేదు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. తరువాత కొద్దికాలానికే గంటందొర కూడా పోరాటంలో నేలకొరిగాడు. జైలుశిక్ష అనుభవించిన మల్లుదొర స్వతంత్ర భారతంలో, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

రాజు మరణంతో దళం అణగింది కాని, కొండ ఎవరిదన్న ప్రశ్న అణగలేదు. గిరిజనుల పంటకు, అటవీ ఉత్పత్తులకు తగిన ధర కల్పించడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1970 నాటి భూబదలాయింపు నిబంధన షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కావడాన్ని నిషేధించింది. సాగులో ఉన్న అటవీభూమిపై గిరిజనుల హక్కును గుర్తించే చట్టం 2006లో కాని రాలేదు. అరకులోయ కొండలలో గిరిజనులు నీడచెట్ల క్రింద పెంచే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు ముఖ్యపట్టణంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. అరకులోయ ఆ జిల్లాలోనిదే.

జిల్లాకు పేరు పెట్టడం గౌరవమే. కాని కొండవాలున చెమటోడ్చినవానికి ఆ భూమిపై హక్కు, చేసిన పనికి న్యాయమైన కూలి పూర్తిగా దక్కిన నాడే ఆ వీరుని ఋణం తీరినట్లవుతుంది.